మూత అంచున పొగ

పొగ ఎక్కడ కారుతోందో చూసి సుద్దముక్కతో గుర్తు పెట్టమని నన్ను ఇక్కడ కూర్చోబెట్టారు. పెకాన్ చెట్టు నీడ, మడతకుర్చీ, ఒళ్ళో సుద్దముక్క, ఎదురుగా నల్లటి పొగపొయ్యి. అడ్డంగా పడుకోబెట్టిన పీపా లాంటి పొట్ట, కుడిపక్కన దానికి అతికించిన చిన్న నిప్పుపెట్టె, ఎడమపక్కన పొగగొట్టం. నిప్పు ఒకచోట ఉంటుంది, మాంసం ఒకచోట ఉంటుంది, ఆ రెంటి మధ్యా పొగ నడిచి వెళ్ళాలి, దారిలో ఎక్కడా తప్పిపోకూడదు. నిప్పుపెట్టె ముందు చర్చి పెద్ద, డీకన్ హోసియా టిబ్స్ మోకాళ్ళ మీద కూర్చుని కట్టెలు పేరుస్తున్నాడు. అతని వెనక నా చెల్లెలు ఒలీటా నిలబడి, పేర్చిన ప్రతి కట్టెకీ ఒక వంక పెడుతోంది. శనివారం వాళ్ళిద్దరికీ పెళ్ళి. అతనికి డెబ్బై నాలుగు, దీనికి డెబ్బై ఒకటి. పెళ్ళయ్యాక అతని ట్రక్కులో అతని ఊరు బోమాంట్ వెళ్ళిపోతుంది. ఈ పొయ్యి నిప్పు నిలిపేదాకా మీ చెల్లెల్ని ఈ ఇంట్లోంచి కదిలించను అని అతను నాకు మాటిచ్చాడు, నాకు అతను ఇచ్చే కానుక ఇదే. ఈ ఉదయం కప్పులు కడుగుతూ, నా వైపు చూడకుండా, ఒలీటా అంది, "నువ్వు వద్దంటే నేను వెళ్ళనక్కా. ఆ పొయ్యి వేడెక్కేలోపు చెప్పు." కప్పు తుడిచి బోర్లించింది. నేను సరేనన్నాను. దేనికి సరేనన్నానో నాకు తెలియదు.

చవక సరుకు. హార్డ్‌వేర్ దుకాణం ముందు గొలుసు వేసి నిలబెడతారే, ఆ రకం. రేకు పల్చన, అతుకుల్లో చిటికెన వేలు పట్టే సందులు, మూత మూస్తే ఒక మూల తెరుచుకునే ఉంటుంది. అది వచ్చిన రోజున ఒలీటా దాని చుట్టూ తిరిగి "ఇది పొయ్యా, జల్లెడా?" అంది. డీకన్ నవ్వాడు. నవ్వినప్పుడు అతని భుజాలు మాత్రమే కదులుతాయి, శబ్దం రాదు. ఎక్కువ డబ్బు పోసి మంచిది కొనడం ఎవరైనా చేస్తారు, చెడ్డదాన్ని కూర్చోబెట్టి మంచి నేర్పించడమే మనిషి చేసే పని అన్నాడు. "నన్ను కూడా అలాగే అనుకుని చేసుకుంటున్నావా?" అంది ఒలీటా. "నీకు నేర్పించే ధైర్యం నాకెక్కడిది?" అన్నాడు. అలా మాట్లాడుకుంటారు. నేను వరండాలో కూర్చుని వింటుంటాను. పొట్టకీ నిప్పుపెట్టెకీ మధ్య అతుకు చుట్టూ ఎర్రటి సిలికాన్ పిండాడు, కేకు మీద పంచదార పూత పూసినంత ఓపికగా, తర్వాత వేలు తడి చేసుకుని నునుపు చేశాడు. పొగగొట్టానికి లోపలివైపు ఒక రేకు గొట్టం తగిలించి దాని నోరు మాంసం ఉండే ఎత్తుకి దించాడు, పొగ పైపైనే తేలిపోకుండా మాంసం పక్కనుంచి పోవాలట. నిప్పుపెట్టెలోంచి వచ్చే వేడి ఒకే చోట కాల్చకుండా ఒక ఇనుప పలక వాలుగా పెట్టాడు. మూతని బిగించి పట్టడానికి రెండు క్లాంపులు. ఇక మూత అంచున చుట్టూ అతికించే గ్యాస్కెట్, నల్లటి నాడా, ఒకవైపు జిగురు. అది ఈ ఉదయం అతికించాడు. అతికించే ముందు దాని మీది కాగితం చదవమని నాకిచ్చాడు, అతని కళ్ళకి పొరలున్నాయి. అంటించే చోటు శుభ్రంగా, పొడిగా, జిడ్డు లేకుండా ఉండాలి అని పైకి చదివాను. చదివి మడిచి ఇచ్చాను. నా గొంతు మామూలుగానే ఉంది.

మూసెయ్యడం నాకు చిన్నప్పటినుంచీ తెలిసిన పనే. అంజీరపళ్ళు ఉడికించి సీసాల్లో పోశాక మా అమ్మ పైన కరిగిన మైనం పోసేది. ఆ మైనం గడ్డకట్టేదాకా ఎవరూ బల్ల కదపకూడదు, తుమ్మకూడదు. తెల్లగా బిగిసిపోయాక వేలితో తట్టి, వచ్చే శబ్దాన్నిబట్టి గాలి చొరబడిందో లేదో చెప్పేది. మా అన్న లూషియస్ ఓక్లండ్‌కి, ఓడలు కట్టేచోటికి బయలుదేరిన రోజున కూడా అమ్మ వేళ్ళకి మైనం ఉంది. ఆ వేళ్ళతోనే బూట్ల అట్టపెట్టెలో వేయించిన కోడి, పౌండ్ కేకు, మైనపు కాగితం చుట్టి సర్దింది. దారిలో మా నల్లవాళ్ళని ఏ హోటల్లోనూ కూర్చోనివ్వరు కనక మా వీధిలో అందరి ప్రయాణాలూ అట్టపెట్టెలోనే సాగేవి. బస్సు కదిలేదాకా అమ్మ దారం ముడి గట్టిగా ఉందా లేదా అన్న దాని గురించే మాట్లాడింది. లూషియస్ కిటికీలోంచి చెయ్యి ఊపాడు. అమ్మ చేతులు ఆప్రాన్‌లో దూర్చుకుని నిలబడింది. ఇంటికొచ్చి మిగిలిన అంజీరాలకి మైనం పోసింది. ఆ తర్వాత అతను రాలేదు, ఉత్తరాలు వచ్చాయి, ఉత్తరాలూ ఆగిపోయాయి. నేను ఏడ్చానో లేదో గుర్తులేదు, ఆ సీసాల మీద ఎండ పడటం గుర్తుంది.

డీకన్ అగ్గిపుల్ల గీశాడు. ఒక్క పుల్లతోనే అంటుకుంది, కింద బేకన్ పందిమాంసం పొట్లాల కాగితం పెట్టినట్టున్నాడు. "గాలి తలుపు ఇంకొంచెం తెరువు," అంది ఒలీటా. "తెరిచే ఉంది." "నీ కళ్ళకి తెరిచినట్టుంది. నా కళ్ళకి మూసినట్టుంది." అతను తెరిచాడు. పొగగొట్టంలోంచి ముందు తెల్లగా, దళసరిగా లేచింది, తడిబట్ట ఉతికి ఆరేసినట్టు అక్కడే వేలాడింది. ఈ తెల్లపొగ మాంసానికి పనికిరాదు, చేదెక్కిస్తుంది, నీలంగా పల్చబడాలి, కనబడీ కనబడనట్టు. ఇదంతా ఒలీటా చెబితేనే తెలుసు నాకు. పెరట్లో నిప్పు ఎప్పుడూ దానిదే. నేను లోపలి మనిషిని, రొట్టె, చిక్కుడుగింజలు, ఆకుకూర నావి. పాత పీపా పొయ్యి అడుగు తుప్పుపట్టి ఊడిపోయేదాకా దాని దగ్గర ఒలీటాయే నిలబడింది. బానిసత్వం పోయిన రోజుకి చేసే జూన్ పంతొమ్మిది పండక్కి చర్చి మొత్తానికి మాంసం మా పెరట్లోంచే వెళ్ళేది. అది బోమాంట్ వెళ్ళిపోతే ఈ ఇంట్లో పొగ ఆగిపోతుందని డీకన్ దిగులు. "మీరు నేర్చుకుంటారు, వదినగారూ," అన్నాడు మొన్న. "శనివారందాకా నేను సిస్టర్ ఐడెల్లాని, డీకన్. వదినని అయ్యాక పిలువు," అన్నాను. ఒలీటా పడీ పడీ నవ్వింది. నేనూ నవ్వాననుకుంటాను, నా మొహం కదిలింది.

నన్ను కూడా రమ్మన్నారు. బోమాంట్‌లో అతనిది పెద్ద ఇల్లే, వెనక గది నాకు ఇస్తానన్నాడు, గోడకి పుస్తకాల అరలు కొడతానన్నాడు. రానన్నాను. ఎందుకన్నారు. ఇక్కడ మా ఆయన ఏమోస్ సమాధి ఉందన్నాను, అది నిజమే, కాని అది కారణం కాదు. ఇంకొకరి వంటింట్లో ముసలిదాన్ని కాలేను. ఏమోస్ పోయిన ఏడాది ఒలీటా హ్యూస్టన్ నుంచి ఒక సూట్‌కేసుతో, తన మొగుడు పోయినప్పుడు పెట్టుకున్న నల్లటి టోపీతో వచ్చింది, రెండు వారాలు ఉంటానంది. ఆ సూట్‌కేసు ఇరవై ఏళ్ళుగా మంచం కిందే ఉంది. రోజూ పొద్దున్న దాని గదిలో మంచం కిర్రుమంటుంది, దాని దగ్గు వినపడుతుంది, అప్పుడు నేను లేస్తాను. నా లేవడం దాని దగ్గు మీద ఆధారపడి ఉందని ఇప్పుడు, ఈ కుర్చీలో కూర్చున్నాక తెలిసింది. తెలిసినా ఏమీ అనిపించలేదు. పెనం వేడెక్కిందో లేదో అరచెయ్యి పైన పెట్టి చూసుకున్నట్టు నా లోపల చెయ్యి పెట్టి చూసుకుంటున్నాను, ఇనుము చల్లగానే ఉంది. భయం మాత్రం వేస్తుంది, కాని దీనికి కాదు. మెట్టు మీద జారతానేమో అని, స్టవ్ కట్టేశానో లేదో అని, డీకన్ ట్రక్కు టైర్లు అరిగాయేమో అని. చిన్న చిన్న భయాలన్నీ ఎలకల్లా తిరుగుతుంటాయి, పెద్దది మాత్రం గదిలో కదలకుండా కూర్చుంది.

బడిలో నేలలు తుడిచే రోజుల్లో పారేసిన పుస్తకాలు ఇంటికి తెచ్చుకునేదాన్ని. చదవడం అలా వచ్చింది, సగం ఊహ, సగం పట్టుదల, తెలియని మాట వస్తే దాన్ని దాటేసి ముందుకెళ్ళి మళ్ళీ వెనక్కొచ్చి అడగడం. ఆ పుస్తకాల్లో జనం విడిపోయేటప్పుడు పేజీలకి పేజీలు మాట్లాడుకుంటారు, చేతులు పట్టుకుంటారు, నిన్ను మరిచిపోను అంటారు. అవి చదివినప్పుడల్లా నాకు సిగ్గేసేది, ఎవరి పడకగదిలోకో తొంగిచూసినట్టు. మా ఇంట్లో ఎవరూ అలాంటి మాట అనలేదు. ఏమోస్ ఆసుపత్రిలో, ఆఖరి మధ్యాహ్నం, దిండు సరిగ్గా ఉందా అని అడిగాను. ఉందన్నాడు. కిటికీ వెయ్యనా అన్నాను. వద్దన్నాడు. ఆయన పోయాక నేను చేసిన మొదటి పని లేచి కిటికీ వెయ్యడం, ఆయన వద్దన్నాడు కదా అని వేశాక గుర్తొచ్చింది, మళ్ళీ తీశాను. నర్సు వచ్చి నన్ను చూసి పాపం అంది. ఎందుకు పాపమో, గాలి బాగా వస్తోంది.

ముల్లు కదులుతోంది. పాత ముల్లుని పీకేసి డీకన్ కొత్త థర్మామీటర్ పెట్టాడు, మాంసం ఉండే ఎత్తులో. నూట యాభై, నూట ఎనభై. రెండువందల యాభై చేరి అక్కడ నిలవాలి, ఊగకూడదు. గొట్టంలోంచి వచ్చే పొగ పల్చబడుతోంది. అతుకు చుట్టూ ఎర్రటి సిలికాన్ బుద్ధిగా ఉంది, ఒక్క పోగు కూడా బయటికి రావట్లేదు. డీకన్ చెవి పెట్టి వింటున్నాడు, ముక్కుతో వాసన చూడలేడు, చమురు రిఫైనరీలో అన్నేళ్ళు పనిచేసి ముక్కు పోగొట్టుకున్నాడు. "లోపల గాలి నడుస్తోంది, వినండి," అన్నాడు. నాకు ఏమీ వినపడలేదు. ఒలీటా నడుం మీద చేతులు పెట్టుకుని "రెండొందలు," అంది. నా వైపు చూసింది. ఆ చూపు నాకు అర్థమైంది, వేడెక్కుతోంది, చెప్పు, అని. నేను మూత వైపు చూశాను.

మూత ముందు అంచున, ఎడమ మూల దగ్గర, ఒక పోగు. దారమంత. తర్వాత దాని పక్కన ఇంకోటి. తర్వాత అంచు పొడుగునా, దువ్వెన పళ్ళలా, వరసగా. నేను లేచి వెళ్ళి సుద్దతో గీత పెట్టాలి, నన్ను కూర్చోబెట్టింది అందుకే. లేవలేదు. సుద్దముక్క వేళ్ళ మధ్య ఉంది, పొగ పోతోంది, నేను చూస్తున్నాను. ముల్లు రెండువందల పది దగ్గర ఆగి, ఆలోచించి, వెనక్కి వచ్చింది. ఎంతసేపు చూశానో తెలియదు. ఒలీటాయే అరిచింది.

"అక్కా! మొత్తం మూత కారుతుంటే కూర్చుని చూస్తావేంటి?"

డీకన్ చేతికి తోలు తొడుగు వేసుకుని క్లాంపులు విప్పి మూత ఎత్తాడు. పొగ ఒక్కసారిగా అతని మొహాన్ని మింగేసింది. పొద్దున్న అంత శ్రద్ధగా అతికించిన నాడా మూత అంచు నుంచి ఊడి, పాము కుబుసంలా వేలాడుతోంది. అతను దాన్ని వేలికి చుట్టి చూశాడు, జిగురు మెరుస్తోంది, జారుతోంది. "కొత్త రేకు, కొత్త జిగురు. పట్టకపోవడానికి ఏమీ లేదే," అన్నాడు. తప్పు తనదేనన్నట్టు అన్నాడు. ఒలీటా వంగింది, అంచు దగ్గర మొహం పెట్టి వాసన చూసింది. దానికి ముక్కుంది.

"బేకన్ కొవ్వు," అంది. నిటారుగా నిలబడింది. "దీనికి బేకన్ కొవ్వు ఎవరు పూశారు?"

నిన్న సాయంత్రం డీకన్ వెళ్ళిపోయాక నేను పెరట్లోకి వచ్చాను. కొత్త ఇనుము చూస్తే మా చెయ్యి ఊరుకోదు, మా అమ్మకీ ఊరుకునేది కాదు, దుకాణం నుంచి పెనం ఇంటికొస్తే ఇంకా సంచి దించకముందే పొయ్యి పక్క డబ్బాలోంచి కొవ్వు తీసి పూసేది, పూసి, అసలు పూయనట్టు కనబడేదాకా తుడిచేది. తుప్పు మన ఇంటి గుమ్మం దగ్గరే నిలబడి ఉంటుంది అనేది. పాత దిండుగలీబు ముక్కతో నేను పొట్టంతా పూశాను, నిప్పుపెట్టె పూశాను, మూత ఎత్తి దాని అంచంతా చుట్టూ పూశాను, వేలు దూరే ప్రతి మూలా పూశాను. తుడిచాను. చల్లగా, నున్నగా, బాగుంది. పొద్దున్న ఆ కాగితంలో జిడ్డు లేకుండా అన్న మాట చదువుతున్నప్పుడు నాకు నిన్నటి గుడ్డ గుర్తొచ్చింది. గుర్తొచ్చింది. తర్వాతి వాక్యం చదివాను.

"నేనే," అన్నాను.

డీకన్ భుజాలు కదిలాయి. "మా అమ్మ కూడా పూసేది, సిస్టర్. బోమాంట్‌లో మా ఆఖరి ట్రాక్టరుకి కూడా పూసింది," అన్నాడు. ఒలీటా నవ్వలేదు.

"ఆ కాగితం చదివింది నువ్వే కదా. జిడ్డుండకూడదని నువ్వే చదివావు. అప్పుడైనా నోరు తెరిచి చెప్పచ్చు కదా."

నేను సుద్దముక్క ఒళ్ళో పెట్టుకున్నాను.

"కావాలనే చేశావా?"

డీకన్ ఆ నాడాని జాగ్రత్తగా చుట్టచుట్టి, ఎవరికో ఇవ్వాల్సిన వస్తువులా జేబులో పెట్టుకున్నాడు. "వెనిగర్‌తో కడిగితే పోతుంది. రేపు శుక్రవారం, కొత్తది అతికిస్తాను. వంటింట్లో వెనిగర్ ఉందా? ఉండే ఉంటుంది," అని తనే ప్రశ్న, తనే జవాబు చెప్పుకుని మెట్లెక్కి ఇంట్లోకి వెళ్ళాడు. ఇంట్లో అల్మారా తలుపులు ఒక్కొక్కటే తెరుస్తున్న చప్పుడు, కావలసినదానికంటే నెమ్మదిగా.

ఒలీటా నా ముందు గడ్డిలో కూర్చుంది. దాని మోకాళ్ళకి అలా కూర్చోవడం మంచిది కాదు, లేవడానికి ఇద్దరు కావాలి. లేవడానికి ఇద్దరు కావాలని చెప్పాలనుకున్నాను.

"కావాలని చేశానో లేదో నాకు తెలియదే," అన్నాను. అది నిజం. లోపల వెతికాను, అక్కడ దిండుగలీబు గుడ్డ ఉంది, కొవ్వు ఉంది, సాయంత్రం ఎండ ఉంది, నేను లేను.

"నాకు పదిహేడేళ్ళప్పుడు హ్యూస్టన్ బస్సెక్కించావు, గుర్తుందా?" అంది ఒలీటా. "అమ్మ రాలేదు, జ్వరం. నువ్వొచ్చావు. బస్సులో కూర్చుని కిటికీ దించి నీ మొహమే చూశాను. డ్రైవర్ తలుపేస్తున్నాడు. నువ్వు పరిగెత్తుకుంటూ వచ్చావు. అబ్బ, ఇప్పుడు అంటుంది, అనుకున్నాను. ఏమన్నావో తెలుసా?"

"లేదు."

"గుడ్లు ముందు తినెయ్, ఎండకి పాడైపోతాయి, అన్నావు." దాని పెదవులు వంకర తిరిగాయి, నవ్వో మరొకటో. "ల్యూఫ్‌కిన్ ఊరొచ్చేదాకా ఆ గుడ్లు ఒళ్ళో పెట్టుకుని ఏడ్చాను. దిగేవాళ్ళు దిగుతూ నా వైపు చూసేవాళ్ళు. నువ్వు ఒక్క మాట అనుంటే దిగిపోయేదాన్నని కాదు. దిగేదాన్ని కాదు. వెళ్ళాలనే ఉంది నాకు. కాని ఆ ఒక్క మాట మీద కూర్చుని వెళ్ళేదాన్ని."

పొయ్యి మూత తెరిచే ఉంది. లోపల వాలుగా పెట్టిన పలక మీద వేడి వణుకుతోంది. కట్టె ఒకటి విరిగి కూర్చుంది. నా నోట్లో నాలుక ఉంది, దాని బరువు తెలిసింది. ఓక్లండ్ బస్సు, హ్యూస్టన్ బస్సు, ఆసుపత్రి కిటికీ, అన్నీ ఒకదాని పక్కన ఒకటి మైనం వేసిన సీసాల్లా నిలబడి ఉన్నాయి, ఏదీ పగలలేదు. ఏదైనా పగులుతుందేమోనని ఎదురు చూశాను. ఏమీ కాలేదు. నా లోపల ఏదో కదిలాకే మాట వస్తుందని ఇన్నేళ్ళూ అనుకున్నానేమో, అది కదలలేదు, కాబట్టి మాట రాలేదు. చల్లటి ఇనుము మీద నుంచే మాట్లాడాలేమో.

"వెళ్ళకు," అన్నాను.

ఒలీటా తలెత్తి నన్ను చూసింది.

"వెళ్ళకే," అన్నాను. "నాకు నువ్వు వెళ్ళడం ఇష్టం లేదు."

దాని మొహం విచ్చుకుంది. డెబ్బై ఏళ్ళ మొహం, కంటి కింద సంచులు, ముక్కు పక్క మచ్చ, అన్నీ ఉన్నచోటే ఉండి, విచ్చుకుంది. ముంజేత్తో కళ్ళు తుడుచుకుంది, చేతికి మసి ఉంది, మొహానికంతా అయింది.

"శనివారం మళ్ళీ అను," అంది. "నన్ను ట్రక్కెక్కించేటప్పుడు. చర్చి వాళ్ళందరూ నిలబడి ఉంటారు కదా, వాళ్ళ ముందు అను."

నాకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. "అంటే వెళ్తావు."

"వెళ్తాను."

"వద్దంటే ఉండిపోతానన్నావు."

"అన్నాను," అంది ఒలీటా. "ఉండిపోదామనే అన్నాను. కాని నాకు కావలసింది నువ్వు అడగడమే, అడిగావు, అది చాలు. ఇప్పుడు నువ్వు పొమ్మనకుండా నేనే పోతాను." నా మోకాలు పట్టుకుంది. దాని చెయ్యి వేడిగా ఉంది, పొయ్యి దగ్గర నిలబడ్డ చెయ్యి. "ఒకసారి అనడానికి నీకింత కాలం పట్టింది. శనివారానికి మర్చిపోతావు. ఇప్పుడే నేర్చుకో. అను."

"వెళ్ళకు."

"అంత గొణిగితే ట్రక్కు చప్పుడులో ఎవరికి వినపడుతుంది?"

"వెళ్ళకు," అన్నాను కొంచెం పైకి. చెట్టు మీద కాకి ఒకటి లేచిపోయింది. వెనిగర్ సీసాతో డీకన్ మెట్ల మీదికి వచ్చాడు, మా ఇద్దర్నీ చూశాడు, కింది మెట్టు మీద పెట్టబోయిన కాలు వెనక్కి తీసుకున్నాడు. ఒలీటా తల తిప్పకుండానే అతనికి అక్కడే ఆగమని మసిచెయ్యి ఎత్తి చూపించింది.

"ఇంకోసారి," అంది నాతో.